తుపాకీ ఉన్న లాకర్ తెరుచుకోవడం లేదా? సుత్తి పట్టుకునే ముందు ఇవి తెలుసుకోండి

కీప్యాడ్‌పై నంబరు నొక్కారు. ఎర్ర లైటు వెలిగింది. మళ్లీ నొక్కితే బీప్ మని శబ్దం వచ్చింది కానీ తలుపు కదల్లేదు. లోపల నగలో, ఇంటి పత్రాలో ఉంటే ఇది చికాకు పెట్టే విషయమే తప్ప భయపడాల్సింది కాదు. కానీ లోపల లైసెన్సు తుపాకీ, తూటాలు ఉంటే సంగతి వేరు. లాకర్ మొరాయించినా ఆ తుపాకీకి, ప్రతి తూటాకీ లెక్క చెప్పాల్సింది లైసెన్సుదారే.

అనకాపల్లి జిల్లా నర్సీపట్నం మన్యం అంచున ఉన్న పట్టణం. చుట్టుపక్కల తోటలు, పొలాలు ఉన్నవారు, మాజీ సైనికులు, సెక్యూరిటీ ఉద్యోగాలు చేసేవారు తుపాకీ లైసెన్సు తీసుకోవడం కొత్తేమీ కాదు. ఆయుధాల లెక్కను ఇక్కడి పోలీసులు పట్టించుకోవడమూ కొత్త కాదు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడి చేసి పట్టుకెళ్లింది తుపాకులు, తూటాలనే.

మరి ఇంట్లో గన్ సేఫ్ తెరుచుకోకపోతే ముందు ఏం చేయాలి? ఎవరిని పిలవాలి? పోలీసులకు ఎప్పుడు చెప్పాలి? లైసెన్సుదారు చనిపోయి, నంబరు ఎవరికీ తెలియకపోతే ఏమిటి దారి?

ముందు ఈ ప్రశ్న వేసుకోండి: ఇప్పుడే తెరవాలా?

చాలా సందర్భాల్లో తొందరేమీ ఉండదు. తెరుచుకోని లాకర్‌లో తుపాకీ భద్రంగానే ఉంది. పిల్లల చేతికి అందదు, దొంగ చేతికి అందదు. కాబట్టి ఒక రోజు ఆగినా నష్టం లేదు.

ఇంట్లో ఎవరైనా తీవ్రమైన కోపంలో ఉన్నా, మద్యం మత్తులో ఉన్నా, బతకాలని లేదని మాట్లాడుతున్నా ఆ లాకర్ తెరుచుకోకపోవడమే మేలు. అప్పుడు దాన్ని తెరిచే ప్రయత్నం అసలు చేయొద్దు. మానసిక ఒత్తిడిలో ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416లో ఉచితంగా మాట్లాడే వీలుంది. ప్రాణాపాయం ఉందనిపిస్తే వెంటనే 112కి ఫోన్ చేయాలి.

ఎక్కువగా కారణం చిన్నదే

కీప్యాడ్ ఉన్న లాకర్లలో మొదట అనుమానించాల్సింది బ్యాటరీని. లైటు వెలుగుతోంది, బీప్ వస్తోంది కాబట్టి బ్యాటరీ బాగానే ఉందనుకుంటారు. లైటు వెలగడానికి కొద్దిపాటి కరెంటు చాలు. లోపలి మోటారో, సోలినాయిడో కదలాలంటే అంతకంటే ఎక్కువ కావాలి. అందుకే లైటు వెలిగినా తలుపు రాదు.

* బ్యాటరీలన్నీ ఒకేసారి మార్చండి. కొత్త ఆల్కలైన్ బ్యాటరీలు వేయండి. పాతవి రెండు, కొత్తవి రెండు కలిపి వేయొద్దు. బ్యాటరీ అర లోపలి వైపు ఉంటే, కొన్ని మోడళ్లలో బయటి నుంచి తాత్కాలికంగా కరెంటు ఇచ్చే ఏర్పాటు ఉంటుంది. 9 వోల్టుల బ్యాటరీ ఆనించే రెండు లోహపు చుక్కలో, యూఎస్‌బీ రంధ్రమో కీప్యాడ్ కింద లేదా మూత వెనక ఉందేమో చూడండి.

* తప్పు నంబర్లు వరసగా కొట్టొద్దు. మూడు నుంచి ఐదుసార్లు తప్పు కొడితే చాలా లాకర్లు కాసేపు స్తంభించిపోతాయి. మోడల్‌ను బట్టి ఇది కొన్ని నిమిషాలు ఉంటుంది. ఆ సమయంలో సరైన నంబరు కొట్టినా తెరుచుకోదు. ఏమీ నొక్కకుండా అరగంట వదిలేసి, అప్పుడు ఒక్కసారి నెమ్మదిగా ప్రయత్నించండి.

* తలుపుపై లోపలి నుంచి ఒత్తిడి ఉందేమో చూడండి. తుపాకీ సంచి అంచో, ఫైలో తలుపుకు అడ్డుపడి నొక్కుతుంటే గడియలు బిగుసుకుంటాయి. ముందు హ్యాండిల్‌ను మూసే వైపు పూర్తిగా తిప్పండి. తలుపును అరచేత్తో లోపలికి నొక్కి పట్టుకుని నంబరు కొట్టండి. ఆ తర్వాతే హ్యాండిల్‌ను తెరిచే వైపు తిప్పండి. నంబరు కొట్టకముందే హ్యాండిల్ లాగి పట్టుకోవడం చాలామంది చేసే పొరపాటు.

* వేలిముద్ర లాకర్ అయితే వేలిని, సెన్సార్‌ను పొడి గుడ్డతో తుడవండి. పొలం పనో, సిమెంటు పనో చేసే చేతులకు ముద్రలు అరిగి ఉంటాయి. నమోదు చేసిన రెండో వేలు పెట్టి చూడండి. అదీ పనిచేయకపోతే నంబరు లేదా అత్యవసర తాళంచెవి వాడండి.

* తాళంచెవి తిరగకపోతే బలం ఉపయోగించొద్దు. చెవి లోపలే విరిగితే చిన్న పని పెద్దదవుతుంది. కొబ్బరినూనె, వంటనూనె పోయొద్దు. అవి దుమ్ముతో కలిసి జిగురులా పట్టేస్తాయి. తాళాలకు వాడే గ్రాఫైట్ పొడి కొద్దిగా వేసి చూడొచ్చు. వానాకాలంలో తేమకు తాళం తుప్పు పట్టడం మామూలే.

అత్యవసర తాళంచెవి ఎక్కడ ఉందో వెతికేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. చాలామంది దాన్ని భద్రంగా ఉంటుందని లాకర్ లోపలే పెడతారు. అలా పెట్టేసి ఉంటే ఇక కంపెనీ సర్వీసు వారినే పిలవాలి.

ఈ పనులు మాత్రం చేయొద్దు

వెల్డింగ్ షాపు నుంచి గ్యాస్ కట్టర్ తెప్పించడం అన్నిటికంటే ప్రమాదకరం. తూటాల్లో వాడే పొగరాని మందు సుమారు 160 నుంచి 170 డిగ్రీల సెల్సియస్ దగ్గరే అంటుకుంటుంది. ఇనుమును కోసే మంట వేడి అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. తూటా తుపాకీ గొట్టంలో లేకపోయినా వేడికి పేలితే దాని ఇత్తడి తొడుగు ముక్కలు ఎగిరి కళ్లకు, ముఖానికి తగలొచ్చు. తుపాకీలోనే తూటా ఉండిపోతే, అది ఏ వైపు గురిపెట్టి ఉందో బయట ఉన్నవారికి తెలియదు.

పంట రక్షణ కోసం లైసెన్సుపై ఇచ్చే గొట్టం ముందునుంచి మందు కూరే తుపాకులు ఉన్న ఇళ్లలో మరింత జాగ్రత్త కావాలి. వాటికి వాడే నల్లమందు చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. గ్రైండర్‌తో కోసినా రవ్వలు లేస్తాయి.

సుత్తి, గునపంతో కొట్టడమూ వద్దు. కొన్ని లాకర్లలో దెబ్బ తగిలితే అదనపు గడియ పడిపోయే ఏర్పాటు ఉంటుంది. అది పడితే ఆ తర్వాత సరైన నంబరు కొట్టినా తలుపు రాదు. డ్రిల్లింగ్ అవసరమైతే, ఆ మోడల్‌లో ఎక్కడ, ఎంత లోతు వేయాలో తెలిసినవారే వేయాలి.

లాకర్‌ను ఆటోలో ఎక్కించి షాపుకు పంపడం చాలామందికి తట్టే ఉపాయం. అయితే చట్టపరంగా అసలు చిక్కు అక్కడే ఉంది. లైసెన్సు లేని వ్యక్తి చేతికి తుపాకీ లేదా తూటాలు అప్పగించడం ఆయుధాల చట్టం 1959లోని సెక్షన్ 29 కింద నేరం. పెట్టె మూసి ఉంది కాబట్టి ఫరవాలేదని అనుకోవద్దు. లోపల ఆయుధం ఉన్న పెట్టెను లైసెన్సుదారు లేకుండా గడప దాటించకపోవడమే క్షేమం.

మేస్త్రీని ఎలా పిలవాలి?

ముందు లాకర్ తయారుచేసిన కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయండి. కొన్న రసీదు, మోడల్ పేరు, సీరియల్ నంబరు, గుర్తింపు కార్డు సిద్ధంగా పెట్టుకోండి. సీరియల్ నంబరు తలుపు మీదో, వెనక పలక మీదో, తాళంచెవుల బిళ్ల మీదో ఉండొచ్చు. నంబరు మర్చిపోయామంటే ఫోన్‌లోనే కొత్త నంబరు చెప్పేయరు. లాకర్ మీదేనని తేల్చుకున్నాకే మనిషిని పంపుతారు. ఆ జాగ్రత్త మీ మేలు కోసమే. ఊళ్లో సర్వీసు లేకపోతే అనకాపల్లి, విశాఖపట్నం నుంచి ఎవరు వస్తారో అడగండి.

వారంటీ ఉండగా కంపెనీ పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.

బయటి మేస్త్రీని పిలిస్తే ఈ నియమాలు పాటించండి.

1. లోపల తుపాకీ, తూటాలు ఉన్నాయని ముందే చెప్పండి. దాచిపెడితే ఆయన ప్రాణానికే ముప్పు.
2. లైసెన్సుదారు పని మొదలైనప్పటి నుంచి చివరి వరకు అక్కడే ఉండాలి. లైసెన్సు పుస్తకం చేతిలో ఉండాలి.
3. పిల్లలను, చుట్టుపక్కలవారిని ఆ గదికి దూరంగా ఉంచండి. ఫోన్‌లో వీడియో తీసి ఎవరికీ పంపొద్దు. ఇంట్లో ఆయుధం ఎక్కడ ఉందో ఊరంతా తెలియడం మంచిది కాదు.
4. తలుపు తెరుచుకోగానే మేస్త్రీ పక్కకు జరగాలి. తుపాకీని లైసెన్సుదారే బయటకు తీయాలి.
5. చేసిన పనికి తేదీతో బిల్లు తీసుకోండి. తర్వాత ఎవరైనా అడిగితే చూపడానికి అదే ఆధారం.

పోలీసులకు ఎప్పుడు చెప్పాలి?

లైసెన్సు అమల్లో ఉండి, బ్యాటరీ మార్చగానే లాకర్ తెరుచుకుంటే స్టేషన్‌కు వెళ్లాల్సిన పని లేదు. కానీ ఈ కింది సందర్భాల్లో ఆలస్యం చేయొద్దు.

లైసెన్సు గడువు దగ్గరపడితే. 2019 డిసెంబరులో అమల్లోకి వచ్చిన సవరణతో లైసెన్సు కాలం మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. రెన్యువల్ దరఖాస్తు గడువుకు 60 రోజుల ముందే ఇవ్వాలి. ఆ సమయంలో ఆయుధం చూపమని అడిగితే, లాకర్ తెరుచుకోవడం లేదని నోటిమాటగా కాకుండా కాగితం మీద రాసి ఇవ్వండి.

గడువు తీరిపోయినా, లైసెన్సు రద్దయినా. అప్పుడు ఆ తుపాకీ ఇంట్లో ఉండటమే చట్టవిరుద్ధం అవుతుంది. సెక్షన్ 21 ప్రకారం అనవసర జాప్యం లేకుండా సమీప పోలీసు స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న ఆయుధాల డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. లైసెన్సు లేకుండా తుపాకీ కలిగి ఉంటే సెక్షన్ 25 కింద రెండేళ్ల నుంచి ఐదేళ్ల వరకు జైలు, జరిమానా పడొచ్చు.

ఎన్నికల సమయంలో డిపాజిట్ చేయమని ఆదేశం వస్తే. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు లైసెన్సు ఆయుధాలపై సమీక్ష జరుగుతుంది. మీకు నోటీసు వచ్చి, లాకర్ తెరుచుకోకపోతే చివరి తేదీ దాకా ఆగకండి. ముందే స్టేషన్‌కు తెలియజేయండి.

దొంగతనం అనుమానం ఉంటే. కీప్యాడ్ ఊడి ఉన్నా, తలుపు అంచుల్లో గీతలున్నా, నంబరు ఎవరో మార్చినట్టు ఉన్నా మీరు ముట్టుకోవద్దు. వేలిముద్రలు చెరిగిపోతాయి. ఆయుధం పోతే వెంటనే సమీప స్టేషన్‌కు తెలపడం లైసెన్సు షరతుల్లో ఒకటి. షరతులు ఉల్లంఘిస్తే సెక్షన్ 30 కింద శిక్ష ఉంది.

నర్సీపట్నంలో ఎవరిని కలవాలి?

మొదట మీ ఇల్లు ఏ పోలీసు స్టేషన్ పరిధిలో ఉందో ఆ స్టేషన్‌కు వెళ్లండి. తెల్ల కాగితంపై స్టేషన్ హౌస్ ఆఫీసర్ పేరిట రాసి ఇవ్వండి. అందులో లైసెన్సు నంబరు, యూఐఎన్, తుపాకీ రకం, దానిపై ఉన్న నంబరు, తూటాల సంఖ్య, లాకర్ ఎప్పటి నుంచి తెరుచుకోవడం లేదు, ఎవరిని పిలిచారు అన్నవి ఉండాలి. యూఐఎన్ అంటే జాతీయ ఆయుధ లైసెన్సుల డేటాబేస్‌లో మీకు ఇచ్చిన ప్రత్యేక గుర్తింపు సంఖ్య. రెండు ప్రతులు పట్టుకెళ్లి, ఒకదానిపై ముద్ర, సంతకం, తేదీ వేయించుకోండి. వివరాలను స్టేషన్ జనరల్ డైరీలో నమోదు చేయమని అడగండి.

లైసెన్సు విషయంలో నిర్ణయం తీసుకునే అధికారం మాత్రం పోలీసు స్టేషన్‌ది కాదు. నగర పోలీసు కమిషనరేట్లలో కమిషనర్, మిగతా చోట్ల జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో కలెక్టర్ లైసెన్సు అధికారి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగాక నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. అంతకుముందు ఉమ్మడి విశాఖపట్నం జిల్లాలో తీసుకున్న లైసెన్సులు ఉన్నవారు తమ ఫైలు, చిరునామా వివరాలు ఏ కార్యాలయంలో ఉన్నాయో ముందే కనుక్కోవడం మంచిది. పని కదలకపోతే కలెక్టరేట్‌లో సోమవారాల్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టుకోవచ్చు.

లైసెన్సుదారు చనిపోతే?

కుటుంబాలు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే. నాన్నగారు పోయారు, దినకర్మలు అయ్యాయి. లాకర్ నంబరు ఆయనకు ఒక్కరికే తెలుసు. అమ్మకు గానీ, పిల్లలకు గానీ లైసెన్సు లేదు. ఇల్లు సర్దుతూ ఎవరో ఒకరు మేస్త్రీని పిలిచి తెరిపిస్తారు. ఆ క్షణం నుంచి, లైసెన్సు లేనివారి చేతిలో తుపాకీ ఉన్నట్టే.

లైసెన్సు ఆస్తిలాగా వారసులకు దానంతటదే రాదు. అందుకని లాకర్‌ను తెరవకముందే స్టేషన్‌కు లిఖితపూర్వకంగా చెప్పాలి. మరణ ధ్రువీకరణ పత్రం, పాత లైసెన్సు పుస్తకం జత చేయాలి. పట్టణంలో మరణం జరిగితే మరణ ధ్రువీకరణ పత్రం మున్సిపాలిటీ ఇస్తుంది. లైసెన్సు పుస్తకం కూడా లాకర్‌లోనే ఉంటే ఆ సంగతీ రాయండి. పోలీసుల సమక్షంలో తెరిపించమని కోరండి. తెరిచాక తుపాకీ, తూటాలు స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేసి, నంబర్లతో సహా రసీదు తీసుకోండి.

డిపాజిట్ చేసినంత మాత్రాన తుపాకీపై హక్కు పోదు. అర్హత ఉన్న వారసుడు తన పేరిట లైసెన్సుకు దరఖాస్తు చేసుకుని దాన్ని తిరిగి తీసుకోవచ్చు. దీనికి సాధారణంగా తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, మిగతా వారసుల అంగీకారం అవసరమవుతాయి. తుపాకీ వద్దనుకుంటే లైసెన్సు ఉన్నవారికి లేదా డీలరుకు అమ్మే వీలుంది. నిర్ణీత గడువులోగా ఏదీ చేయకపోతే మాత్రం అది ప్రభుత్వపరం కావచ్చు.

ఇంట్లో పెద్దవారు ఉండగానే దీనికి ఒక దారి ఉంది. ఆయుధ నియమాలు 2016 ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీని 25 ఏళ్లుగా కలిగి ఉన్నా, బతికి ఉండగానే వారసుడి పేరిట లైసెన్సు కోసం దరఖాస్తు చేసుకోవచ్చు.

తెరుచుకున్నాక ఏం చేయాలి?

తుపాకీలో తూటా ఉందనే భావించి పట్టుకోవాలి. గొట్టం మనుషుల వైపు కాకుండా చూడాలి. ట్రిగ్గర్‌పై వేలు పెట్టొద్దు. మ్యాగజీన్ తీసి, ఆ తర్వాత చాంబర్‌ను కళ్లతో చూసి ఖాళీ అని తేల్చుకోవాలి. తర్వాత తుపాకీపై ఉన్న నంబరును లైసెన్సు పుస్తకంతో, తూటాల సంఖ్యను కొనుగోలు లెక్కతో సరిచూడాలి. ఒక్క తూటా తేడా వచ్చినా స్టేషన్‌కు చెప్పాలి.

గడియారపు ముల్లులా వాడుక లేకుండా ఉన్న తుపాకీకి తుప్పు పట్టి ఉంటే మామూలు మెకానిక్‌కు ఇవ్వొద్దు. ఆయుధాల మరమ్మతుకు కూడా లైసెన్సు ఉన్నవారే ఉండాలి.

మళ్లీ ఇలా కాకుండా

* ఏటా ఒక తేదీ పెట్టుకుని బ్యాటరీలు మార్చండి. లైటు మసకబారేదాకా ఆగొద్దు.
* అత్యవసర తాళంచెవిని లాకర్‌లో పెట్టొద్దు. పిల్లలకు అందని మరో చోట, వీలైతే బ్యాంకు లాకర్‌లో ఉంచండి.
* నంబరు మార్చినప్పుడు తలుపు తెరిచి ఉంచే మూడుసార్లు పరీక్షించండి. ఆ తర్వాతే మూయండి.
* వేలిముద్ర లాకర్ కొన్న రోజే ముద్ర నమోదు చేయండి. 2023 అక్టోబరులో అమెరికాలో ఒక కంపెనీ దాదాపు 61 వేల వేలిముద్ర గన్ సేఫ్‌లను వెనక్కి పిలిచింది. ముద్ర సరిగా నమోదు కాకపోతే అవి ఎవరి వేలికైనా తెరుచుకునేవి. మీ ముద్ర నమోదు చేశాక ఇంట్లో మరొకరి వేలు పెట్టి చూడండి. తెరుచుకోకూడదు.
* తూటాలను తుపాకీతో కలిపి కాకుండా వేరే అరలో, వేరే తాళంతో ఉంచండి. లాకర్‌లో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేయండి.
* లైసెన్సు పుస్తకం, లాకర్ రసీదుల ఫొటోకాపీలు బయట ఉంచండి. ఇంట్లో నమ్మకమైన ఒక పెద్దమనిషికి నంబరు కాకపోయినా, ఏదైనా జరిగితే ముందుగా స్టేషన్‌కు చెప్పాలన్న మాట మాత్రం చెప్పి ఉంచండి.

మొత్తానికి వరస ఇది: ముందు బ్యాటరీ, తర్వాత కంపెనీ, లైసెన్సుపై ఏ చిన్న సందేహం ఉన్నా పోలీసు స్టేషన్. గ్యాస్ కట్టర్‌కు ఈ వరసలో చోటు లేదు. కొత్త లాకర్ డబ్బు పెడితే వస్తుంది. లెక్క తప్పిన తూటాకు జవాబు చెప్పుకోవడం అంత తేలిక కాదు.